ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

పోయిన వారం మన ప్రూఫుల మేస్టారిని పరీక్ష బల్ల ముందు, కుడిచెయ్యి గాల్లో ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, ఆ చెయ్యి వారమంతా అలాగే ఉంది. ఇకనైనా దించుకోనిద్దాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్లకి రెండు ముక్కలు. మేస్టారు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. సగం జీవితం ఇతరుల తప్పులు పట్టుకోవడంతోనే గడిచిపోయింది. అచ్చాఫీసు మూతపడేసరికి నెత్తి మీద నల్లవెంట్రుక కోసం వెతుక్కోవలసిన వయసు. ఆ వయసులో కరెంటు పని నేర్చుకుని, పరీక్ష ప్యాసై, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని అవుతానని బయల్దేరారు. నవ్వేవాళ్లు నవ్వారు. శిక్షణ కేంద్రం కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మాత్రం నవ్వకుండా దారులు చెప్పింది. పగలంతా వచ్చి కూర్చునే కోర్సు ఒకటుంది, అది ఇంకా సంపాదన మొదలుపెట్టని కుర్రాళ్లకి. పనులు చేసుకునేవాళ్లకి సాయంకాలం తరగతులున్నాయి, ఏళ్లు పడుతుంది కానీ ఓనమాల నుంచి నేర్పుతారు. అవేవీ వద్దనుకుంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ కింద చేరి, పని చేస్తూనే నేర్చుకుని, ముందు రాతపరీక్షకీ తర్వాత చేతిపరీక్షకీ నేరుగా కూర్చోవచ్చు.

మేస్టారి మనసు సాయంకాలం తరగతుల మీదే ఉండేది. ఇల్లాలు వెళ్లనివ్వలేదు. "ఇంట్లో పాడి పెట్టుకుని వీధిలో పాలు కొంటారా? మా తమ్ముడున్నాడుగా" అంది. ఆ తమ్ముడు, అంటే మేస్టారి బావమరిది, ఊళ్లో పేరున్న కరెంటు మేస్త్రీ. మేస్టారికంటే బాగా చిన్నవాడు. "బావగారూ" అని నోరారా పిలుస్తూనే తీగలు పోవడానికి గోడలకి గాళ్లు కొట్టించాడు, పైపులు మోయించాడు, సున్నపు పెళ్లలు ఎత్తించాడు. "బావగారూ, ఏమీ అనుకోకపోతే ఆ నిచ్చెన ఇటు తెస్తారా?" మర్యాదకి లోటు లేదు, చాకిరీకి అంతు లేదు. అయినా మేస్టారు పళ్లబిగువున నెట్టుకొచ్చారు. రాతపరీక్ష మొదటిసారే గట్టెక్కారు. మిగిలింది చేతిపరీక్ష. "ఈ లైన్లో కరెంటు లేదని తేల్చుకుని, ఆ తర్వాత తీగ విప్పండి" అన్నారు అక్కడ. మేస్టారు స్విచ్చు దించారు. టెస్టరు పెట్టారు, వెలగలేదు. బావమరిది నేర్పినట్టే చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకవైపుతో రాగి తీగని తాకబోయారు. "ఆపండి!" అన్నాడు పరీక్షల పెద్దాయన. పోయిన వారం కథ అక్కడ ఆగింది.

ఆ పెద్దాయన కుర్చీలోంచి లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని మేస్టారికి తర్వాత అనిపించింది.

"చెయ్యి దించండి. ఏం చేద్దామని?"

"కరెంటు లేదని ఇంకోసారి చూసుకుందామనండి. టెస్టరు వెలగలేదు. అయినా అనుమానం లేకుండా వెనకచేత్తో ఒకసారి తాకితే... ఒకవేళ ఉన్నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుందని..."

"రాకపోతే?"

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తనకి తానూ వేసుకోలేదు.

"టెస్టరు వెలగలేదన్నారు. చచ్చింది తీగో టెస్టరో మీకెలా తెలిసింది?" అని పెద్దాయన టెస్టరు మూత తిప్పి చూపించాడు. లోపల బల్బు లేదు. "మేమే పీకేశాం. మీరు దించిన స్విచ్చు కూడా ఈ లైనుది కాదు, మీద చీటీ తప్పు. అదీ మేమే అంటించాం. ఇప్పుడు ఆ తీగలో కరెంటు ఉంది. కంగారు పడకండి, ఇక్కడ ప్రాణం తీసేంత ఇవ్వం. బయట ఇస్తారు."

ఆయన పక్కబల్ల మీది మంచి టెస్టరు తీసుకుని తనే చేసి చూపించాడు. కరెంటు ఉందని ముందే తెలిసిన చోట మొదట పెట్టి, టెస్టరు బతికే ఉందని చూసుకోవాలి. ఆ తర్వాత అసలు తీగ మీద పెట్టాలి. మళ్లీ వెళ్లి మొదటి చోటే పెట్టి, ఈ మధ్యలో టెస్టరు చావలేదని తేల్చుకోవాలి. అంతే. చిన్నపిల్లలు కూడా చేయగల పని. "సాయంకాలం తరగతుల్లో ఇది వస్తే తప్ప స్క్రూడ్రైవరు చేతికివ్వరు. మీకెవరూ చెప్పలేదా?"

"లేదండి."

"సరే, ఇంకో మాట. ఇందాక తాకబోయేటప్పుడు చిటికెన వేలు నిక్కబొడిచారు. ఎందుకు?"

మేస్టారు తన చెయ్యి కేసి చూసుకున్నారు. "అలా లేపి పెట్టాలి కదండీ?"

"ఎవరు చెప్పారు?"

"చెప్పడమంటే... చెప్పలేదు. నేర్పినాయన ఎప్పుడూ అలాగే పెడతాడు."

పెద్దాయన నవ్వాడు, కానీ అది సరదా నవ్వు కాదు. "ఆయన వేలు వంగదండీ. ఎప్పుడో కాలిపోయి అలా కర్రలా ఉండిపోయింది. మీ వేలు వంగుతుందిగా? మరి మీరెందుకు లేపడం?"

మీరు నవ్వుకోవచ్చు. గురువు కుంటితే శిష్యుడూ కుంటాడా అని. కానీ ముసలితనానికి దగ్గరపడ్డాక పని నేర్చుకునేవాడికి ఏది విద్యో ఏది గురువుగారి అవిటితనమో తెలిసే వీలు లేదు. కనిపించిందల్లా నేర్చేసుకుంటాడు. మేస్టారు ఇంట్లో గోడ ముందు నిలబడి ఆ వేలు లేపడం కూడా శ్రద్ధగా సాధన చేశారు. ఆ సంగతి గుర్తొచ్చి ఆయన ముఖం కందిపోయింది.

"ఇదే బల్ల" అన్నాడు పెద్దాయన. "ఇదే చెయ్యి. ఆ మనిషి ఇక్కడికి ఒకసారి వచ్చాడు, ఆపాను. మళ్లీ వచ్చాడు, మళ్లీ అలాగే తాకబోయాడు. మూడోసారీ అంతే. చెప్తే వినే రకం కాదు, నోరు పెద్దది. ఆ తర్వాత రాలేదు. మానేశాడనుకున్నాను. మీకు నేర్పుతున్నాడన్నమాట."

"ఆయనకి లైసెన్సు ఉందండీ" అన్నారు మేస్టారు.

"నేనివ్వలేదు. నేనివ్వకుండా ఈ ఊళ్లో ఇంకెవరూ ఇవ్వరు."

తాను దూర సందు లేదు, మెడకో డోలు అని మనవాళ్లు ఊరికే అనలేదు. గడప దాటలేనివాడు ఇంకొకణ్ణి చెయ్యిపట్టుకుని దాటిస్తానన్నాడు. ఆ చెయ్యి నమ్ముకుని మేస్టారు ఉన్న దారులన్నీ వదులుకున్నారు.

పెద్దాయన విషయం దాచకుండా చెప్పాడు. రాతపరీక్ష ప్యాసైంది పోదు. కానీ లైసెన్సు లేనివాడి కింద చేసిన పని పనిగా చెల్లదు. కొట్టిన గాళ్లు, లాగిన తీగలు అన్నీ గాలికి పోయినట్టే. సరైన మనిషి కింద మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి, లేదా సాయంకాలం తరగతుల్లో చేరాలి. "మీ వయసుకి కష్టమే. కాదనను. కానీ దారి ఉంది. ఆయన ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నాడు?"

మేస్టారు నేల చూపులు చూశారు.

"ఆ ఇళ్లల్లో మనుషులుంటారు కదండీ. ఒకసారి వెళ్లి చూసుకోవాలి మేము."

మేస్టారు అడ్రసు చెప్పకుండానే గుమ్మం వైపు కదిలారు. ఎంతైనా ఇంటావిడ తోడబుట్టినవాడు. పెద్దాయన బలవంతపెట్టలేదు. గుమ్మం దాకా వచ్చి ఒకే ఒక్క మాట అన్నాడు. "నేర్చుకునేవాడు తప్పు చేస్తే అది నేర్పినవాడి ఖాతాలో వేస్తాం. మీ మీద ఇప్పుడు ఏ మచ్చా లేదు. కానీ లైసెన్సు ఉందని చెప్పుకుని పనిచేసినట్టు తేలితే మాత్రం ఈ తలుపు జన్మలో మళ్లీ తెరుచుకోదు. ఆయనకి మూసే ఉంచుతాం. మీరు మూయించుకోకండి."

మేస్టారు రోడ్డెక్కారు. బస్సు ఎక్కాలన్న ధ్యాస కూడా లేకుండా నడిచారు. దారిలో ఒక కొత్త మేడ కనపడింది. ఆ మేడ మెట్ల కింద పైపులకి గాడి కొట్టింది ఆయనే. ఆ వేసవిలో అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోతే ఇల్లాలే కలిపి పెట్టింది. ఆ మేడ బాల్కనీలో ఎవరో ఆవిడ తడిబట్టలు ఆరేస్తోంది, పక్కనే గోడకి స్విచ్చుబోర్డు. ఇన్నాళ్లూ ఆ ఇంటి ముందునుంచి వెళ్తే ఛాతీ కాస్త పొంగేది. ఇవాళ తల తిప్పుకున్నారు. అవమానం ఒక పక్క, కోపం ఒక పక్క. వాటన్నిటికీ అడుగున, తన వయసు మీద తనకే కలిగిన అసహ్యం. పాతికేళ్లవాడైతే పోనీలే అని దులుపుకుని మళ్లీ మొదలుపెడతాడు. ఈయన దగ్గర దులుపుకుని పారేయడానికి అన్నేళ్లు మిగల్లేదు.

పని జరుగుతున్న చోటికే వెళ్లారు. దర్జీ దుకాణం పైన మొదటి అంతస్తు. ఒక పళ్ల డాక్టరమ్మ కొత్తగా ఆసుపత్రి పెట్టుకుంటోంది. రంగులు ఆరాయి, గాజు తలుపు బిగించారు, మధ్య గదిలో పేషెంటు పడుకునే పెద్ద కుర్చీ ప్లాస్టిక్ కప్పుకుని ఉంది. ఇక కరెంటు ఇవ్వడమే తరువాయి. బావమరిది నిచ్చెన మీదున్నాడు. ఇల్లాలు అట్టపెట్టె మీద కూర్చుని ఉంది, పక్కన అన్నం క్యారియరు, దాని పక్కన మిఠాయి డబ్బా. శుభవార్త అక్కడే వినాలని వచ్చినట్టుంది.

"ఏం బావగారూ, కొట్టేశారా?" అన్నాడు బావమరిది పైనుంచే.

మేస్టారు నిచ్చెన దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. "నీ చిటికెన వేలికి ఏమైంది?"

"ఇప్పుడదెందుకు బావగారూ? కాలింది. పని నేర్చుకునే రోజుల్లో."

"ఎలా కాలింది?"

"తీగ పట్టుకుంటే కాలింది. ఈ పనిలో మామూలే కదా."

"వెనకచేత్తో పట్టుకుంటే చెయ్యి వెనక్కి వచ్చేస్తుందన్నావు. నీ వేలు రాలేదేం?"

బావమరిది ఒక్కో మెట్టూ దిగాడు. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది కానీ ఊడటానికి సిద్ధంగా ఉంది. "ఎవరో మీ మనసు పాడుచేశారు. కూర్చోండి, ముందు మంచినీళ్లు తాగండి."

"ఆ బల్ల దగ్గర ఎన్నిసార్లు తప్పావు నువ్వు?"

బావమరిది తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. మాట్లాడింది ఇల్లాలు. "ఎవరు చెప్పారు మీకు?" అంది.

మేస్టారు ఆమె వైపు తిరిగారు. నిజమా అని అడగలేదు ఆమె. తమ్ముడి వైపు ఆశ్చర్యంగా చూడనూ లేదు. ఎవరు చెప్పారని అడిగింది. ఆ మాటకి ముందువరకూ మేస్టారికి ఒకే శత్రువు ఉన్నాడు.

"నీకు తెలుసా?"

ఆమె క్యారియరు మూత ఊరికే తిప్పుతూ కూర్చుంది.

బావమరిదికి ఇంతలో నోరొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మొత్తం పెద్దాయన మీదికి నెట్టేశాడు. "ఆయనకి నేనంటే పడదు బావగారూ. పుస్తకం చదివొచ్చినవాళ్లనే ప్యాస్ చేస్తాడు. నా చేతుల మీద ఎన్ని ఇళ్లు వెలిగాయో ఊళ్లోకి వెళ్లి చూడమనండి. ఒక్క ఇల్లు ఆరిందా? మొన్నటిదాకా ఒక ముసలాయన లైసెన్సు మీద నడిపాను, మీ పరీక్ష దరఖాస్తు మీద పెట్టించింది కూడా ఆయన సంతకమే. ఆయన ఇక నా వల్ల కాదని మానేశాడు. మీరా చదువుకున్నవారు, రాతపరీక్ష మీకో లెక్క కాదు. మీరు ప్యాసైపోతే మన ఇంట్లోనే లైసెన్సు ఉంటుంది, మీరు పైన, నేను మీ కింద, హాయిగా పని చేసుకోవచ్చు అనుకున్నాం."

"అనుకున్నాం అంటే? ఎవరెవరు?"

"అక్కా నేనూ."

"అందులో తప్పేముంది?" అంది ఇల్లాలు. ఆమెకి కోపం వచ్చేసింది. తప్పు తనవైపున్నప్పుడు అందరికంటే ముందు కోపం తెచ్చుకోవడం ఆమెకి అలవాటు. "అచ్చాఫీసు పోయి మీరు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న రోజులు మర్చిపోయారా? ఎవరు లేపారు మిమ్మల్ని? వాడే వచ్చి లేపాడు. పని చూపించాడు. మీకూ మంచే, వాడికీ మంచే అనుకున్నాను. ఇద్దరికీ మంచి జరిగే పని పాపమా?"

"సాయంకాలం తరగతులకి పోతానంటే ఎందుకు అడ్డం పడ్డావు?"

"పోతే పగలు ఎవరి దగ్గర పని చేస్తున్నారని అడుగుతారు కదా" అందామె. అనేశాక నాలుక కరుచుకుంది.

మేస్టారు ఇంకో అట్టపెట్టె మీద చతికిలబడ్డారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఏమిటో ఆయనకి అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆ తరగతుల్లో చేరి ఉంటే ఈపాటికి చదువు ముగిసేది. టెస్టరు ముందెక్కడ పెట్టాలో, తర్వాతెక్కడ పెట్టాలో ఎవరో ఒకరు మొదట్లోనే చెప్పేవారు. అది తెలియక తను చావొచ్చు, ఇంకొకణ్ణి చంపొచ్చు. ఇన్నాళ్లూ తను పని నుంచి బతికి రావడం విద్య వల్ల కాదు, అదృష్టం వల్ల. పొద్దున్నే అన్నం కట్టిచ్చి, జాగ్రత్త అని చెప్పి పంపిన మనిషికి అది తెలుసు. మరీ ఇంత తెలుసని కాదు, కానీ ఇంకా తెలుసుకోకూడదన్నంత తెలుసు.

"నేను పరీక్ష తప్పాను" అన్నారు మేస్టారు. "నువ్వు నేర్పినట్టే చేశాను, నువ్వు తప్పినట్టే తప్పాను. ఆఖరికి నీ వేలు కూడా లేపాను."

బావమరిది ముఖంలో మొదటిసారి నిజమైన భయం కనిపించింది. అయితే అది బావగారి కోసం కాదు. "తప్పారా?" అన్నాడు గొణుగుతున్నట్టు. "మరి ఈ ఆసుపత్రి?"

"ఈ ఆసుపత్రి సంగతేమిటి? ఇది ఎవరి లైసెన్సు మీద చేస్తున్నావు?"

అక్క తమ్ముణ్ణి చూసింది, తమ్ముడు గోడని చూశాడు. అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. డాక్టరమ్మ పైకి వచ్చింది. మనిషి సంబరంగా ఉంది. సరాసరి మేస్టారి దగ్గరికే వచ్చింది.

"మీరిక్కడే ఉన్నారా సార్, మంచిదైంది. కింద కరెంటాఫీసు ఇన్‌స్పెక్టరు గారొచ్చారు. కనెక్షన్ ఇచ్చే ముందు పని చేయించిన లైసెన్సుదారుతో మాట్లాడాలట. అంటే మీతోనే కదా. పైకి రమ్మనమంటారా?"

మేస్టారికి కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మశక్యం కాలేదు. "నాతోనా?"

"మీకే కదా లైసెన్సు ఉంది? పని మొదలుపెట్టిన రోజునే మీ బావమరిది చెప్పాడుగా. పెద్ద చదువు చదివారు, మా బావగారే అన్నిటికీ బాధ్యత, నేను ఆయన చేతికింద పనివాణ్ణి అని. ఆ ధైర్యంతోనే ఇచ్చాను పని."

అందుకా ఆ మర్యాదంతా. ఆ రోజు మేస్టారు ఒళ్లంతా సిమెంటు దుమ్ముతో ఒక మూల నిలబడి ఉంటే, బావమరిది డాక్టరమ్మ చెవిలో ఏదో చెప్పడం చూశారు. అప్పటినుంచి ఆవిడ సార్ అనడం మొదలుపెట్టింది. తన తెల్లజుట్టుకి ఇస్తున్న గౌరవమనుకుని లోలోపల మురిసిపోయారు కూడా. ఆవిడ ఒక్కతేనా, ఈ మధ్య పని చేసిన ఇళ్లవాళ్లంతా ఆయన్ని సార్ అనే పిలిచారు. ఒక్కో ఇల్లూ, ఒక్కో గుమ్మం, అక్కడ బావగారూ అని వంగి వంగి మాట్లాడిన బావమరిదీ కళ్ల ముందు తిరిగాయి. ఈ తలుపు జన్మలో మళ్లీ తెరుచుకోదన్న పెద్దాయన మాట చెవిలో మోగింది. తనకి తెలియకుండానే తను ఆ తలుపు బయటికి వచ్చేశారు. లోపలికి పోవడానికి మిగిలింది ఒక్క సందు. ఇంతవరకూ తన నోటితో తను లైసెన్సు ఉందని ఎవరికీ చెప్పలేదు.

"ఆయనే అమ్మా" అంటూ లేచింది ఇల్లాలు. "కాస్త మొహమాటం మనిషి, ఎక్కువ మాట్లాడరు. పిలవండి, పైకి పిలవండి."

డాక్టరమ్మ దిగి వెళ్లింది. గాజు తలుపు మూసుకునేలోపే అక్కాతమ్ముళ్లు మేస్టారి చెరో పక్కకీ చేరారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. బావమరిది నిజంగానే కాళ్ల మీదికి వంగాడు. "రెండు మాటలు బావగారూ. నేనే చేయించాను, అంతా సరిగ్గా ఉంది అనండి చాలు. ఆ తర్వాత మీరు ఏ తరగతులకి పోతానన్నా నేనే దింపుతా, నేనే తీసుకొస్తా. ఇది పోతే నన్నింక ఊళ్లో ఎవరూ గడప తొక్కనివ్వరు."

"మీకు దణ్ణం పెడతాను" అంది ఇల్లాలు. ఆమె కళ్లలో నీళ్లు నిజమైనవే. "అమ్మ పోతూ వాణ్ణి నా చేతుల్లో పెట్టింది. నా బిడ్డల కంటే ముందు నేను పెంచిన బిడ్డ వాడు. ఒక్క అబద్ధం. నా కోసం."

"ఒక్కటా?" అన్నారు మేస్టారు.

"వాడికి నేను కాకపోతే ఎవరున్నారు?" అంది ఇల్లాలు.

"మరి నాకు?"

మెట్ల మీద బరువైన అడుగులు వినిపిస్తున్నాయి. ఇల్లాలు కొంగుతో కళ్లు తుడుచుకుని, తమ్ముడి భుజం మీది సున్నం దులిపింది. మేస్టారి చొక్కాకీ సున్నం ఉంది. అటు చెయ్యి పోలేదు.

ఇన్‌స్పెక్టరు ఆయాసపడుతూ వచ్చి గుమ్మంలో ఆగాడు. లావుపాటి మనిషి, నిద్రమొహం, మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. వెనకాలే డాక్టరమ్మ. "బాగా చేయించారమ్మా" అని గది నలుమూలలా చూసి, "ఏరీ, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ గారు ఎవరు?" అన్నాడు.

మేస్టారు కుర్చీ కేసి చూశారు. ఆ కుర్చీ కిందుగా నీళ్ల గొట్టం పోతుంది, దాని పక్కనే కరెంటు తీగ. ఆ తీగ లాగింది ఆయనే. ఎర్తు తీగ సరిపడా లేకపోతే రెండు ముక్కలు మెలిపెట్టి గోడలో పూడ్చేయమంటే పూడ్చేసిందీ ఆయనే. అప్పుడు తప్పని తెలియదు. తెలియదన్న మాట ఆ కుర్చీలో కళ్లు మూసుకుని, నోరు తెరుచుకుని పడుకునేవాళ్లకి ఎందుకూ పనికిరాదు. మేస్టారు లేచి నిలబడ్డారు.

"ఇక్కడ లైసెన్సున్నవాళ్లు ఎవరూ లేరండీ" అన్నారు.

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. ఇన్‌స్పెక్టరు నిద్రమత్తు వదిలింది. ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. "ఎవరూ లేరా? అయితే ఇంత పని చేసిందెవరు? ఎవరి భరోసా మీద చేశారు?"

పోనీ ఇప్పుడైనా బావమరిది నేనే అంటాడని మేస్టారు ఎదురుచూశారు. మేస్టారిలాంటివాళ్లు చివరిదాకా అలా ఎదురుచూస్తూనే ఉంటారు.

వాడు అనలేదు. వాడి ముందుకి వచ్చి నిలబడింది అక్క. కొంగు బిగించి దోపుకుంది. ఎవరి ముఖం వైపూ చూడకుండా, చెయ్యి మాత్రం చాచి మొగుణ్ణి చూపించింది.

"ఈయనేనండీ. తనకి లైసెన్సు ఉందని చెప్పి మా తమ్ముణ్ణి పనిలో పెట్టుకున్నారు. మేము నమ్మాం."